నిద్రకూ ఒక వేళ

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని వార్డెన్ గారు ఫోన్ చేసినప్పుడు, దేని మీద రాయమంటారని అడిగాను. "పిల్లలకు పనికొచ్చేది ఏదైనా రాయవయ్యా" అన్నారు. నిద్ర మీద రాస్తానంటే గట్టిగా నవ్వేశారు. "ఇక్కడ ఉన్న నిద్ర చాలదనా?" అన్నారు. ఆయన నవ్వడంలో తప్పేమీ లేదు. హాస్టల్లో నిద్ర అనేది తిట్లకు సంబంధించిన మాట. స్టడీ అవర్లో కునికేవాడు, బెల్లు కొట్టినా లేవనివాడు, కుంభకర్ణుడని పేరు పడ్డవాడు, వీళ్ళే గుర్తొస్తారు. తక్కువ నిద్రపోయేవాడు పైకొస్తాడని, ఎక్కువ నిద్రపోయేవాడు సోమరి అని మనకు చిన్నప్పటి నుంచి నూరిపోశారు. ఎమ్మెస్సీ జువాలజీ చదివాక నాకు ఈ మాట మింగుడు పడడం లేదు. ఎన్ని గంటలు పడుకున్నామన్నది ఎంత ముఖ్యమో, రోజూ ఒకే వేళకు పడుకుంటున్నామా, ఒకే వేళకు లేస్తున్నామా అన్నది అంతకంటే ముఖ్యమని చదువు వల్ల కొంత, మా ఇంటి వల్ల చాలా వరకు తెలుసుకున్నాను.

నా గురించి రెండు మాటలు. మాది కొల్లేరు అంచున, కైకలూరు వైపు ఒక చిన్న పల్లె. మా ఇంట్లో డిగ్రీ పాసైన మొదటివాణ్ణి నేనే. నాన్న ఐదో తరగతితో ఆపేశాడు. అమ్మకు సంతకం పెట్టడం వచ్చు. ఆరో తరగతి నుంచి పదో తరగతి వరకు ఏలూరులో మన హాస్టల్లో ఉన్నాను. ఇంటర్మీడియట్ నుంచి తాడేపల్లిగూడెంలో కాలేజీ హాస్టల్. ఇప్పుడు నాకు 23 ఏళ్ళు.

ఏలూరు హాస్టల్లో మన రోజు రైలు పట్టా ముక్కతో మొదలయ్యేది. వరండా చివర వేలాడగట్టిన ఆ ముక్కను కామాటి తాతయ్య ఇనప కడ్డీతో కొట్టాడంటే ఐదు గంటలైనట్టు. ఆయనకు ఆదివారం లేదు, పండగ లేదు. ముసురు పట్టిన రోజు కూడా గోనె సంచి నెత్తిన వేసుకుని వచ్చి కొట్టేవాడు. ఆయన్ని మనం తిట్టుకోని రోజు లేదు. రాత్రి తొమ్మిదిన్నరకు స్టడీ అవర్ అయిపోయేది, పదింటికి లైట్లు ఆరిపోయేవి. నలభై మందిమి ఒకే హాల్లో, తలాపున ట్రంకు పెట్టెలు, కింద చాపలు. దోమల సంగతి మీకు నేను చెప్పనక్కర్లేదు. పవర్‌పేట వైపు నుంచి గూడ్సు బండ్ల చప్పుడు తెల్లవార్లూ వినిపించేది. అయినా పడుకున్న పది నిమిషాలకు నిద్ర పట్టేది. ఆకలి రుచెరుగదు, నిద్ర సుఖమెరుగదు అని పెద్దలు ఊరికే అనలేదు. సుఖం ఎరగని ఆ నిద్రకు వేళ మాత్రం బాగా తెలుసు. సంక్రాంతి సెలవులకు ఇంటికి వెళితే, గంట కొట్టేవాళ్ళు లేకపోయినా ఐదింటికల్లా కళ్ళు తెరుచుకునేవి. మా పల్లెలో రైలు పట్టా ముక్క ఎవరు కొడుతున్నారా అని అప్పట్లో ఆశ్చర్యంగా ఉండేది.

ఎవరు కొట్టారో డిగ్రీలో చదువుకున్నాను. మెదడులో, రెండు కళ్ళ నుంచి వచ్చే నరాలు ఒకదాన్నొకటి దాటే చోటికి కాస్త పైన, సుమారు 20 వేల నరకణాల చిన్న గుంపు ఉంటుంది. అది మన ఒంట్లోని గడియారం. ఉదయపు వెలుతురు కంట్లో పడినప్పుడు అది తన ముల్లు సరిచేసుకుంటుంది. చీకటి పడ్డాక కొంతసేపటికి మెలటోనిన్ అనే హార్మోను విడుదలయ్యేలా చేస్తుంది. ఇక నిద్ర వేళ అయిందని ఒంటికి అది కబురు. తెల్లవారబోయే ముందు ఒంటి వేడి పెరగడం మొదలవుతుంది, మెలకువకు కావలసిన హార్మోన్లు ముందుగానే సిద్ధమవుతాయి. కాలేయం, క్లోమం లాంటి అవయవాలకు కూడా వాటి వాటి గడియారాలున్నాయి. అవన్నీ పెద్ద గడియారం చెప్పినట్టు నడుస్తాయి. ఈ గడియారం జీవకణంలో ఎలా తిరుగుతుందో కనిపెట్టినందుకు జెఫ్రీ హాల్, మైకేల్ రోస్‌బాష్, మైకేల్ యంగ్ అనే ముగ్గురు అమెరికా శాస్త్రజ్ఞులకు 2017లో నోబెల్ బహుమతి ఇచ్చారు. వాళ్ళు పరిశోధించింది దేని మీదనుకున్నారు? అరటిపండు మగ్గిపోతే ముసిరే సన్న ఈగల మీద. మన హాస్టల్ స్టోర్ రూములో వాటికి కొదవే లేదు!

ఈ గడియారానికి ఒక గుణం ఉంది. దాన్ని గోడ గడియారంలా ఒక్కసారి తిప్పలేం. రోజుకు సుమారు ఒక గంట మాత్రమే జరుగుతుంది. ఈ రోజు పదింటికి, రేపు రెండింటికి, ఎల్లుండి మళ్ళీ పదకొండింటికి పడుకుంటే ఏ రోజు మాట వినాలో దానికి తెలియదు. ఇంకో గుణం, యౌవనం మొదలైనప్పటి నుంచి ఇరవై ఏళ్ళు వచ్చే వరకు అది సహజంగానే కాస్త ఆలస్యంగా నడుస్తుంది. ఇంటర్ చదివే కుర్రాడికి తొమ్మిదింటికి నిద్ర రాకపోవడం, పొద్దున్నే లేవలేకపోవడం కొంతవరకు వయసు పని. ఆ కొంతవరకైనా సోమరితనం అని తిట్టడం న్యాయం కాదని నా అభిప్రాయం.

ఇప్పుడు మా ఇంటి సంగతికి వస్తాను. మా నాన్న చేపల చెరువు కాపలాదారు. ఒకప్పుడు కొల్లేరు లోపల పదిమందితో కలిసి చిన్న చెరువులో వాటా ఉండేది. 1999లో కొల్లేరును ఐదో కాంటూరు వరకు వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో ఆ లోపలి చెరువుల గట్లు కొట్టేశారు. అప్పటికి నాకు నాలుగేళ్ళు. సరస్సు బతకాలి, అది ఒప్పుకుంటాను. గూడబాతులు బతకాలి, అదీ ఒప్పుకుంటాను. కానీ ఆ గట్టుతో పాటు మా నాన్న రాత్రులు కూడా వేరేవాళ్ళ చేతుల్లోకి పోయాయి. అప్పటి నుంచి ఆయన కాంటూరు బయట ఉన్న పెద్ద రైతుల చెరువుల మీద కాపలాకు వెళుతున్నాడు.

చెరువు కాపలా అంటే దొంగల కోసం అనుకుంటారు. దొంగల భయం కొంతే. అసలు భయం గాలిది. పగలు నీటిలోని పచ్చని నాచు ఎండ తగిలి ఆక్సిజన్ తయారు చేస్తుంది. రాత్రయ్యాక తయారీ ఆగిపోతుంది, వాడకం మాత్రం ఆగదు. చేపలు, నాచు, అడుగున కుళ్ళే మేత అన్నీ కలిసి ఆ ఆక్సిజన్‌నే వాడుకుంటాయి. తెల్లవారుజామున, పొద్దు పొడవక ముందు, నీటిలో ఆక్సిజన్ అన్నిటికంటే కిందికి పడిపోతుంది. ముందురోజు మబ్బు పట్టి ఉంటే మరీ ప్రమాదం. బొచ్చెలు, శీలావతులు నోళ్ళు తెరుచుకుని పైకి తేలతాయి. ఆ చప్పుడు తెలిసినవాడికి నిద్రలో కూడా వినపడుతుంది. వెంటనే ఏరేటర్లు వేయాలి, మోటారు పెట్టి నీళ్ళు చిమ్మించాలి. కరెంటు లేకపోతే జనరేటర్ దగ్గరికి పరిగెత్తాలి. అరగంట ఆలస్యమైతే తెల్లారేసరికి చెరువంతా తెల్లగా తేలిపోతుంది. రైతుకు లక్షల్లో నష్టం, కాపలా మనిషికి పని పోవడం.

జువాలజీ క్లాసులో ఒకరోజు మనిషి ఒంటి వేడి రాత్రింబగళ్ళు ఎలా మారుతుందో గీసిన పటం చూశాను. తెల్లవారుజామున నాలుగు, ఐదు గంటల ప్రాంతంలో ఆ గీత అట్టడుగున ఉంది. మనిషికి మెలకువగా ఉండడం అన్నిటికంటే కష్టమైన వేళ అదే. ఆ పటం పక్కన చెరువులో ఆక్సిజన్ గీత గీసి చూసుకున్నాను. రెండూ దాదాపు ఒకే వేళకు కిందికి దిగుతున్నాయి. చెరువుకు మనిషి మెలకువ కావలసిన వేళకే మనిషి ఒంటికి నిద్ర కావాలి. మా నాన్న 18 ఏళ్ళుగా ఆ రెండు గీతల మధ్య కూర్చుని ఉన్నాడు.

పోనీ రాత్రంతా మేలుకుని పగలు ఒక వేళకు పడుకుంటాడా అంటే అదీ లేదు. తెల్లారాక మేత లారీ వస్తే తవుడు బస్తాలు దించాలి. మేత సంచులు కర్రలకు కట్టాలి. పట్టుబడి ఉన్న రోజైతే చీకటితోనే వలలు దిగుతాయి. చేపల్ని ట్రేలకెత్తి ఐసు కొట్టి లారీ కదిలించే వరకు మకాం దగ్గరే ఉండాలి. మన కొల్లేరు చేప కోల్‌కతాకు, అస్సాంకు చెడిపోకుండా వెళుతుందంటే దాని వెనుక ఎంతమంది నిద్ర ఉందో లెక్క వేసినవాళ్ళు లేరు. నాన్న ఒకరోజు ఉదయం ఏడింటికి పడుకునేవాడు, ఒకరోజు మధ్యాహ్నం ఒంటిగంటకు. ఒకరోజు సాయంత్రం గట్టు మీద కూర్చునే కునికేవాడు. ఆయన తిండి కూడా నిద్రను బట్టే. అర్ధరాత్రి టీ, తెల్లవారుజామున చద్దన్నం. నలభై దాటేసరికి షుగరు వచ్చింది, వెనకాలే బీపీ వచ్చింది.

నిద్ర ఒక్కదాని వల్లే వచ్చిందని నేను అనను. మా తాతకూ షుగరు ఉండేది, నాన్నకు బీడీ అలవాటు ఉంది. కానీ 1999లో చికాగోలో 11 మంది ఆరోగ్యవంతులైన యువకుల్ని వరసగా ఆరు రాత్రులు నాలుగేసి గంటలు మాత్రమే పడుకోనిచ్చి చూశారు. ఆ కొద్ది రోజులకే వాళ్ళ రక్తంలోని చక్కెరను సర్దుకునే శక్తి బాగా తగ్గింది. ఆరు రాత్రులకే ఆ కుర్రాళ్ళకు అలా అయితే 18 ఏళ్ళ మాటేమిటి? 2007లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ, ఒంటి గడియారాన్ని చెదరగొట్టే రాత్రి పనిని క్యాన్సరుకు కారణం కాగల వాటి జాబితాలో చేర్చింది. 2019లో మళ్ళీ పరిశీలించి అదే మాట చెప్పింది.

అమ్మ సంగతి ఎవరూ అడగరు, నేనూ ఇక్కడ రాయకపోతే బాగుండదు. నాన్న ఏ వేళకు వస్తే ఆ వేళకు లేచి పొయ్యి వెలిగించేది అమ్మ. ఆయన కాపలాకు జీతం ఉంది. ఆమె మేలుకోవడానికి పేరు కూడా లేదు. మన పక్క గరల్స్ హాస్టల్లో ఉన్న చెల్లెళ్ళు సెలవులకు ఇంటికి వెళితే వాళ్ళ నిద్ర ఎలా ఉంటుందో వాళ్ళలో ఎవరైనా వచ్చే సంచికకు రాస్తే చదవాలని ఉంది.

తాడేపల్లిగూడెం కాలేజీ హాస్టల్లో గంట లేదు. గంట లేదని మొదటి వారం పండగ చేసుకున్నాం. నా రూములో నలుగురం. ఒకడిది చింతలపూడి వైపు మెట్ట ఊరు. బోరు మోటారుకు త్రీ ఫేజ్ కరెంటు అర్ధరాత్రి వచ్చే కాలంలో వాళ్ళ నాన్న టార్చిలైటు పట్టుకుని చేలో తిరిగిన సంగతులు చెప్పేవాడు. ఇంకొకడు ఉల్లి మార్కెట్లో కాటా దగ్గర చీటీలు రాసే పనికి వెళ్ళేవాడు. గూడెం ఉల్లి మార్కెట్ మీకు తెలిసిందే. కర్నూలు నుంచి, మహారాష్ట్ర నుంచి లారీలు వస్తాయి. లారీ ఎప్పుడొస్తే అప్పుడే పని. వారంలో రెండు మూడు రాత్రులు వాడు రెండింటికో మూడింటికో ఉల్లి వాసనతో రూముకు వచ్చేవాడు. మెస్ బిల్లుకు, పరీక్ష ఫీజుకు ఆ డబ్బులే ఆధారం. వాడికి నిద్ర క్రమం గురించి చెప్పే ధైర్యం నాకు అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. రాత్రి లారీ దగ్గర ఉన్నవాడు, రాత్రి రీల్స్ చూస్తున్నవాడు క్లాసులో ఒకేలా కునుకుతారు. లెక్చరర్ గారికి మాత్రం ఇద్దరూ సోమరులుగానే కనపడతారు.

రీల్స్ సంగతి కూడా చెప్పాలి. 2020 మార్చిలో కరోనాతో హాస్టళ్ళు మూతపడి అందరం ఇళ్ళకు చేరాం. ఆన్‌లైన్ క్లాసుల కోసమని ఎక్కడెక్కడో అప్పు చేసి ఇళ్ళల్లో ఫోన్లు కొన్నారు. క్లాసు గంటసేపు, ఫోను రోజంతా. పగలు లేదు, రాత్రి లేదు. తిరిగి హాస్టళ్ళు తెరిచేసరికి మా బ్యాచ్‌లో సగం మందికి రెండు దాటితే గానీ నిద్ర పట్టని స్థితి. దానికి తోడు పరీక్షల ముందు నైటౌట్లు. నైటౌట్ చేశానని చెప్పుకోవడం మనలో గొప్ప. కానీ పగలు చదివిన సంగతిని మెదడు సర్ది పెట్టుకునేది నిద్రలోనే. రాత్రంతా చదివి పడుకోకుండా పరీక్షకు పోవడమంటే ధాన్యం కోసి కుప్ప వేయకుండా వానలో వదిలి రావడమే. మిగతా రోజుల్లో తక్కువ పడుకుని ఆదివారం మధ్యాహ్నం వరకు పడుకుంటే సరిపోతుందన్నది ఇంకో నమ్మకం. ఆదివారం పన్నెండింటికి లేచినవాడికి ఆ రాత్రి నిద్ర పట్టదు, సోమవారం తల దిమ్ముగా ఉంటుంది. విమానమెక్కి దూరదేశం వెళ్ళొచ్చినవాడికి ఉండే అలసట లాంటిదే ఇది. విమానం ఎక్కకుండానే మనకు వస్తుంది.

2017లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఒక పరిశోధన ఫలితాలు వచ్చాయి. 61 మంది విద్యార్థుల నిద్రను 30 రోజుల పాటు గమనించారు. క్రమంగా పడుకునేవాళ్ళు, క్రమం తప్పి పడుకునేవాళ్ళు మొత్తం మీద పడుకున్న గంటల్లో పెద్ద తేడా లేదు. అయినా క్రమం తప్పినవాళ్ళకు మార్కులు తక్కువ వచ్చాయి. వాళ్ళ ఒంట్లో మెలటోనిన్ విడుదల రెండున్నర గంటలు ఆలస్యంగా మొదలవుతోంది. అంటే ఉదయం తొమ్మిది గంటల క్లాసుకు వాళ్ళు ఆరున్నర గంటల ఒంటితో వెళుతున్నారన్నమాట. 2024లో బ్రిటన్‌లో 60 వేల మందికి పైగా పెద్దవాళ్ళ నిద్రను పరిశీలించినప్పుడు కూడా, ఎన్ని గంటలు పడుకున్నారన్నదాని కంటే ఎంత క్రమంగా పడుకున్నారన్నదే వాళ్ళ ఆయుష్షుతో ఎక్కువ ముడిపడి ఉందని తేలింది. ఇవి చదివినప్పుడు నాకు కామాటి తాతయ్య గుర్తొచ్చాడు. ఆ పెద్ద యూనివర్సిటీ పిల్లలకు లేనిదేదో ఇనప కడ్డీతో ఆయన మనకు ఇచ్చాడు.

నా స్నేహితుడొకడు 2025 మెగా డీఎస్సీకి చదివాడు. 16,347 పోస్టులంటే ఎవరికి ఆశ ఉండదు? రాత్రి పదింటికి మొదలుపెట్టి తెల్లవారుజామున నాలుగింటి వరకు చదివేవాడు. నిశ్శబ్దంగా ఉంటుందని వాడి వాదన. అందులో నిజం ఉంది, మన హాస్టళ్ళలో పగలు నిశ్శబ్దం ఎక్కడిది? తీరా హాల్ టికెట్ వచ్చేసరికి వాడికి ఉదయం సెషన్ పడింది. మూడు నెలలుగా నిద్రపోతున్న వేళకు కూర్చుని జవాబులు గుర్తించాలి. వచ్చిన ప్రశ్నలే తప్పు పెట్టానని వాడు బయటకు వచ్చి తల పట్టుకున్నాడు. వాడు తెలివితక్కువవాడు కాదు, చదవనివాడూ కాదు.

అసలు నేను ఈ వ్యాసం రాయడానికి కారణం మా తమ్ముడు. వాడు ఏలూరులో డిగ్రీ చదువుతున్నాడు. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద కొల్లేరులోకి దిగినప్పుడు చెరువుల గట్లు కాచుకోవడానికి అందరూ రాత్రింబగళ్ళు నిలబడ్డారు. నాన్నకు జ్వరం వచ్చింది. ఆయన బదులు తమ్ముడు కాపలాకు వెళ్ళాడు. వరద తగ్గాక కూడా నాన్న కోలుకోలేదు. ఒకరోజు నాన్న, ఒకరోజు తమ్ముడు, వంతులవారీగా రెండు నెలలు గడిచాయి. రాత్రి గట్టు మీద ఉండి, ఉదయం మోటారు సైకిల్ మీద ఏలూరు కాలేజీకి. నవంబరులో ఒక ఉదయం, మలుపు కూడా లేని తిన్నని గట్టు రోడ్డు మీద, బండి పక్కకు పోయి బోదెలో పడింది. జబ్బ ఎముక విరిగింది. నీళ్ళు తక్కువగా ఉండబట్టి, పశువులు తోలుకెళ్ళే ఒకాయన చూడబట్టి మాకు దక్కాడు.

ఆస్పత్రిలో వాడన్న మాట ఇది. "నిద్రపోలేదన్నయ్యా. కళ్ళు మూసి తెరిచానంతే."

నిజమే, వాడు అబద్ధం చెప్పలేదు. బాగా నిద్ర చాలని మెదడు రెండు మూడు సెకన్లు తనంతట తానే ఆగిపోతుంది. ఆగిందని మనకు తెలియదు. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వెళ్ళే బండి మూడు సెకన్లలో 33 మీటర్లు పోతుంది. 17 గంటలు వరసగా మేలుకున్న మనిషి పనితీరు, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవాడితో సమానంగా దిగజారుతుందని 1997లోనే పరిశోధకులు చూపించారు. మన దేశంలో బండి నడిపేవాడికి చట్టం ఒప్పుకునే పరిమితి 0.03 శాతం. తాగి నడిపితే పట్టుకుంటారు. నిద్రలేక నడిపేవాణ్ణి పట్టుకునే యంత్రం లేదు, వాడిలో మద్యం వాసన కూడా రాదు. ఇంకో పరిశోధన 2003లో వచ్చింది. రెండు వారాల పాటు రోజుకు ఆరు గంటలో నాలుగు గంటలో మాత్రమే పడుకున్నవాళ్ళ చురుకుదనం ఒకటి రెండు రాత్రులు అసలు పడుకోని వాళ్ళ స్థాయికి పడిపోయింది. విచిత్రమేమిటంటే తాము అంత దిగజారామని వాళ్ళకే తెలియలేదు. బాగానే ఉన్నామనుకున్నారు. మా తమ్ముడూ బాగానే ఉన్నాననే చెప్పేవాడు.

తమ్ముడు మంచంలో ఉండగా ఇంట్లో పెద్ద చర్చే జరిగింది. కాపలా మానేద్దామంటే ఇల్లు గడవదు. నేను నా పుస్తకాలన్నీ తిరగేసి వంతులు మార్చడమే అసలు ముప్పు అని చెప్పాను. రాత్రి పని తప్పదు అంటే సరే, రోజూ ఒకే వేళలో ఉండాలన్నాను. నాన్న నవ్వాడు. "ఒరేయ్ పెద్దోడా, నువ్వు చెప్పేదంతా బానే ఉంది గానీ, నీ చదువు సంగతి చేపకి తెలుసేంట్రా? దానికి గాలాడనప్పుడు అది తేలుద్ది" అన్నాడు. దానికి నా దగ్గర వెంటనే జవాబు లేకపోయింది.

జవాబు మా పేటలోనే దొరికింది. మా వరసకు పెద్దనాన్న ఒకాయన ఉన్నాడు. అరవై దాటింది, ఒంటరి మనిషి. సాయంత్రం ఏడింటికే పడుకుని ఒంటిగంటకల్లా లేచి కూర్చుంటాడు. ముసలితనంలో గడియారం అలా ముందుకు జరగడం సహజం. నిద్ర పట్టడం లేదని ఆయన రోజూ బాధపడేవాడు, మాకు మాత్రం వరమయ్యాడు. నేను రైతు గారి దగ్గరికి వెళ్ళి, సాయంత్రం ఆరు నుంచి రాత్రి ఒంటిగంట వరకు నాన్న, ఒంటిగంట నుంచి తెల్లారే వరకు పెద్దనాన్న ఉంటారని, ఇద్దరూ వంతులు మార్చుకోరని, పగటి బస్తాల పనికి వేరే మనిషిని చూసుకోమని అడిగాను. "మీ అబ్బాయి చదువుకున్నాడని లెక్కలు బాగా చెబుతున్నాడయ్యా" అని నాన్నతో అన్నారట. కాస్త బేరమాడి ఒప్పుకున్నారు. నాన్న జీతంలో నెలకు మూడు వేలు తగ్గింది. ఆ మూడు వేలు ఇప్పుడు నేను ట్యూషన్లు చెప్పి ఇస్తున్నాను.

నాన్న ఒంటిన్నరకు ఇంటికి వచ్చి పడుకుంటాడు. కిటికీకి ఖాళీ మేత సంచులు రెండు పొరలుగా కట్టాను. గది చీకటిగా ఉంటేనే పొద్దున ఎనిమిదిన్నర వరకు నిద్ర సాగుతుంది. మొదటి నెల ఆయన ఐదింటికే లేచి గట్టు వైపు చూసేవాడు. తర్వాత అలవాటయింది. ఈ మధ్య పరీక్ష చేయిస్తే షుగరు కాస్త దిగింది. మాత్ర మార్చినందువల్ల దిగిందని డాక్టరు గారన్నారు. నేను ఆయనతో వాదించలేదు.

తమ్ముళ్ళూ, మీకు నేను పెద్దగా సలహాలు చెప్పను. పడుకునే వేళ మన చేతిలో లేకపోయినా లేచే వేళ చాలావరకు మన చేతిలో ఉంటుంది, ముందు దాన్ని కుదుర్చుకోండి. ఆదివారమైనా ఒక గంటకు మించి తేడా రానీయకండి. లేవగానే ఫోను చూసే బదులు వరండాలోకి వచ్చి కాసేపు వెలుతురులో నిలబడండి. సాయంత్రం నాలుగైదు దాటాక టీ మానండి. తాగిన టీలో సగం సత్తువ ఐదు గంటల తర్వాత కూడా ఒంట్లోనే ఉంటుంది. మధ్యాహ్నం కునుకు తీస్తే ఇరవై నిమిషాలు చాలు. 18 దాటినవాళ్ళకు రోజుకు ఏడు నుంచి తొమ్మిది గంటల నిద్ర కావాలి, అంతకంటే చిన్నవాళ్ళకు ఇంకా ఎక్కువే కావాలి. ఐదింటికి లేవాలంటే తొమ్మిదింటికే పడుకోవాలి. మన స్టడీ అవర్ తొమ్మిదిన్నర వరకు ఉంది. ఈ లెక్క ఎక్కడో తప్పుతోందని పెద్దలు గమనించాలని మనవి. పొద్దున గంటను ఆరుకు జరిపినా నష్టం లేదని నా అభిప్రాయం. గంట ఉండాలి, రోజూ ఒకే వేళకు కొట్టాలి, అంతే.

పూర్వ విద్యార్థులైన అన్నయ్యలకు ఒక విన్నపం. మన హాస్టల్లో పడుకునే హాలూ, చదువుకునే హాలూ ఒకటే. టెన్త్ పిల్లలు రాత్రి లైటు వేసుకుని చదివితే ఆరో తరగతి పిల్లలు ఆ వెలుతురులోనే పడుకోవాలి. డైనింగ్ హాలు రాత్రి ఎనిమిది తర్వాత ఖాళీగా ఉంటుంది. అక్కడ నాలుగు ట్యూబులైట్లు, రెండు ఫ్యాన్లు పెడితే చదివేవాళ్ళు అక్కడ చదువుకుంటారు, హాల్లో లైట్లు వేళకు ఆరతాయి. రెండోది కిటికీలకు దోమల జాలీ. దసరా సెలవుల్లో వచ్చి కొలతలు తీసుకున్నాను. హాలుకు పదకొండు కిటికీలు, వెనక తలుపొకటి. నాలుగు కిటికీలకు మా బ్యాచ్ వాళ్ళం డబ్బులు వేసుకున్నాం. ఉల్లి మార్కెట్లో చీటీలు రాసిన మా స్నేహితుడు వెనక తలుపు తనదన్నాడు. మిగిలినవి ఏడు కిటికీలు. కొలతల కాగితం హాస్టల్ ఆఫీసు రూములో బీరువా తలుపు లోపల అంటించి ఉంది.